మూడు మిషన్లు, ఒక తూకం రాయి

జూన్ 4

తమ్ముడికి,

అక్కని. బతికే ఉన్నాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా చదువుతావని చెబుతున్నాను.

పోయిన వారం మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మోకాలు చూడకుండా చేతికి పట్టీ కట్టి, బీపీ 150/96 ఉందన్నాడు. మోకాలికీ దానికీ ఏం సంబంధమని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో పనిచేసినదాన్ని. కాటా పళ్ళెం అడుగున అయస్కాంతం అంటించినవాళ్ళు కూడా ముందు నవ్వుతూ నాకు కుర్చీ వేసేవారు.

కొందరికి డాక్టరును చూస్తేనే బీపీ పెరుగుతుందట. అందుకని ఇంట్లో రెండు వారాలు పొద్దున, సాయంత్రం చూసి రాసుకురమ్మన్నాడు, మందు సంగతి ఆ తర్వాతేనట. ఇంట్లో మిషన్ లేదంటే కింద తన షాపులో దొరుకుతుందన్నాడు. అక్కడే దొరికిపోయాడు. ఆయన మిషన్ ఆయన చెప్పిందే చెబుతుందిగా.

నువ్వు సర్జికల్ షాపు కౌంటరులో ఇరవై రెండేళ్ళుగా ఇవే అమ్ముతున్నావు. నికార్సైనది ఒకటి పార్సిల్ చెయ్యి. ఫోన్ చేసి అడగొచ్చుగా అంటావు. ఫోన్‌లో అన్న మాటకు రసీదు ఉండదు. ఈ ఉత్తరానికి కార్బన్ కాపీ నా దగ్గరుంది. నువ్వు నా తమ్ముడివే. కానీ నాన్న తలుపు చట్రం మీద మన ఎత్తు గీసేటప్పుడు మడమలు ఎత్తి నిలబడినవాడివి కూడా. ఆ గీత నాకింకా గుర్తుంది.

మీ బావకు వారం నుంచి పొద్దున లేవగానే తల వెనక నొప్పి. కళ్ళజోడు షాపువాడు తప్పు అద్దాలు బిగించి ఉంటాడు. రేపు వెళ్ళి వాడి సంగతి చూస్తాను.

కాపీ దాచుకున్న
అక్క

జూన్ 9

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం చూసి నవ్వాను. నా నవ్వును కూడా అనుమానించకు.

మణికట్టుకు కట్టేవి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ, చెయ్యి కాస్త కిందికో పైకో ఉంటే అంకె మారిపోతుంది. నీకు పంపుతున్నది మోచేతి పైన కట్టేది. డాక్టర్ల సంఘంవాళ్ళు పరీక్షించి సరేనన్న మోడళ్ళ జాబితా ఒకటుంటుంది, ఇది అందులో ఉంది. మా కౌంటరుకు వచ్చేవాళ్ళు అంకెలు పెద్దగా కనిపిస్తాయా, పైకి చదివి వినిపిస్తుందా అని అడుగుతారు. పట్టీ తమ చేతికి సరిపోతుందా అని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వాడే పద్ధతి మాత్రం తప్పకు. ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనించు, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆన్చు, కాలు మీద కాలు వేసుకోకు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. కాఫీ తాగిన వెంటనే చూడకు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకో. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. నీకు అసలు కష్టం అక్కడే.

మడమల సంగతి యాభై ఏళ్ళ నాటిది అక్కా. ఇక వదిలెయ్యవా?

బావను అడిగానని చెప్పు.

తమ్ముడు

జూన్ 15

తమ్ముడికి,

మిషన్ అందింది. తిప్పి పంపుతున్నాను, దానికి లోపం ఉంది.

కోప్పడకుండా విను. నేను ఏ కాటానైనా ఎలా పరీక్షించేదాన్నో నీకు తెలుసు. దుకాణంవాడి సరుకు పెట్టి చూడను. బరువు ముందే తెలిసిన శాఖవారి రాయి సంచీలోంచి తీసి పెడతాను. కాటా ఆ బరువు చూపించకపోతే తప్పు కాటాదే. నా బీపీ ఎంతో నాకు తెలియదు కాబట్టి నా చేతికి కట్టుకుని ఈ మిషన్‌ను తేల్చలేను. తెలిసిన చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఇంట్లోనే ఉంది.

మీ బావ ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపారు. ఏటా కంపెనీ డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తే తప్ప స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. ఇరవై ఆరు సర్టిఫికెట్లూ నేనే ఫైలులో పెట్టాను. అన్నింటిలోనూ 120/80, కింద సంతకం, ముద్ర. అంతకంటే శుద్ధమైన రాయి ఎవరి ఇంట్లో ఉంటుంది?

నువ్వు చెప్పినట్టే అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనింపజేసి, కదలకండి అని చెప్పి కట్టాను. 182/108. మళ్ళీ చూస్తే 180/108. అరవై దాకా ఎక్కువ చూపిస్తోంది. కిలోకు కిలోన్నర చూపించే కాటాను నేనైతే అక్కడికక్కడే సీలు చేసేదాన్ని.

సరదాకు నేనూ కట్టుకున్నాను. 148/94. దాదాపు ఆ డాక్టరు చెప్పిందే. ఆయన షాపులోవీ, మీ షాపులోవీ ఒకే చోట నుంచి వస్తాయేమో కనుక్కో.

కళ్ళజోడు షాపువాడు అద్దాలు సరిగ్గానే ఉన్నాయని బుకాయిస్తున్నాడు. నిన్న మీ బావకు ముక్కులోంచి కాస్త రక్తం వచ్చింది. ఎండలు అలా ఉన్నాయి.

ఇలాంటివి చాలా చూసిన
అక్క

జూన్ 20

అక్కకు,

పార్సిల్ అందింది. మా షాపులో విప్పి చూస్తే మిషన్ బాగానే ఉంది. కానీ నీతో వాదించి గెలిచినవాడు ఇంతవరకు లేడు కాబట్టి ఇంకో మార్గం ఆలోచించాను.

బావవి డ్రైవరు చేతులు, లావుగా ఉంటాయి. నేను పంపింది మామూలు పట్టీ. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ మాట ముందే అడగకపోవడం నా తప్పు. ఈసారి వేరే కంపెనీ మిషన్, పెద్ద పట్టీతో పంపుతున్నాను. నీకు మామూలుది, ఆయనకు పెద్దది కట్టు. మార్చి కట్టావంటే మళ్ళీ నన్నే అంటావు.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. మిషన్ కొంటున్నది నీ బీపీ కోసమా, బావ బీపీ కోసమా? డాక్టరు నిన్ను రాసుకురమ్మని మూడు వారాలయింది. ఒక్క అంకె అయినా రాశావా?

మా షాపు వాళ్ళు నాకు తెలియకుండా తప్పుడు సరుకు పెట్టరు. పెడితే నేను ఇరవై రెండేళ్ళు ఆ కౌంటరు వెనక నిలబడను. ఆ ఒక్క మాట నువ్వు నమ్మితే చాలు.

తమ్ముడు

జూన్ 26

తమ్ముడికి,

రెండోదీ అంతే. పెద్ద పట్టీ కట్టాను, టేపు పెట్టి చెయ్యి కొలిచి మరీ కట్టాను. 184/110. నాకు మామూలు పట్టీతో 150/94.

ఇప్పుడు నాకు తోచింది రాస్తాను. పెట్టె మూత మీద అంటించిన కాగితం ఒక మూల లేచి, మళ్ళీ అంటించినట్టుంది. అంటే అది ఇంకెవరో తిప్పి పంపిన మిషన్. అమ్ముడుపోని పాతవన్నీ అక్కకు అంటగడితే అడిగేవాళ్ళు లేరని మీ యజమాని అనుకున్నాడో, నువ్వే అనుకున్నావో నాకు తెలియదు. నీకు కౌంటరు అన్నం పెడుతోంది, ఆ విశ్వాసం ఉండాల్సిందే. కానీ నన్ను మోసం చేసి నిలబెట్టుకునే విశ్వాసం నాకు అక్కర్లేదు.

నా బీపీ రాసుకోవడం లేదని ఎత్తిపొడిచావు. కాటా సరిగ్గా లేకుండా తూకం రాయడం నా వృత్తిలో నేరం.

ఈ గొడవలో మీ బావ నీ వైపు మాట్లాడుతున్నారు. మనవాడు అలాంటివాడు కాదు, వదిలెయ్యి అంటారు. ఆయనకు ఈ మధ్య ఏదీ పట్టడం లేదు. మొన్న మెట్లు ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయారు. వయసు మీద పడుతోంది, నడక తగ్గించుకున్న మనిషి మెట్లెక్కితే ఆయాసం రాదా?

ఫోన్ చెయ్యకు. చేసినా ఎత్తను. చెప్పాల్సింది ఉంటే కాగితం మీద చెప్పు.

అక్క

జూలై 1

అక్కకు,

నీ ఉత్తరం కౌంటరులో నిలబడి చదివాను. పక్కనున్న కస్టమరు ఏమైంది బాబూ అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

ఆ కాగితం నేనే లేపి అంటించాను. పెద్ద పట్టీ పెట్టెలో పెట్టడానికి. ఇంకేమీ లేదు.

ఇక నేను పంపగలిగింది ఒక్కటే. మా కౌంటరు మీద ఉండే మిషన్. కొననివాళ్ళకు కూడా రోజూ దీంతోనే చూసి చెబుతాం. దీని మాట తప్పయితే ఇన్నాళ్ళూ నేను ఇంతమందికి అబద్ధం చెప్పినట్టే. పంపేముందు నా బీపీ చూసుకుని చీటీ రాసి పట్టీకి గుచ్చాను. 120/80. నీకు తెలిసిన చెయ్యి కావాలన్నావుగా, ఇదిగో నా చెయ్యి.

దీన్ని కూడా తిప్పి పంపావంటే, మిషన్‌ను కాదు, నన్ను తిప్పి పంపినట్టు.

తమ్ముడు

జూలై 6

తమ్ముడికి,

186/112. నాకు 149/95.

నీ చీటీ చూశాను. నీకు 120 చూపించిన మిషన్ మీ బావకు 186 చూపిస్తోందంటే దారిలో పాడయిందా, ముందు నుంచీ అంతేనా? ఊరందరి చేతులకూ దాన్నే కడుతున్నానని నువ్వే రాసిచ్చావు. మా పాత ఆఫీసుకు ఫిర్యాదు రాసి పెట్టుకున్నాను. నీ పేరు పెట్టాలా, మీ యజమాని పేరు పెట్టాలా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఇది రాయడం నాకు ఇష్టం లేదు, ఆ మాట కూడా కాపీలో ఉండనీ.

మీ బావకు కొత్త కళ్ళజోడుతో కూడా పేపరులో అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయట. ఎవరిని నమ్మాలో తెలియడం లేదు.

అక్క

జూలై 8, కొరియర్‌లో

అక్కా,

ఇది అందగానే నిలబడి చదువు, కూర్చోకు.

నీ ఉత్తరాలన్నీ కౌంటరు మీద వరసగా పరిచాను. మూడు కంపెనీల మిషన్లు. బావ చేతికి 182, 184, 186. నీ చేతికి 148, 150, 149. నీ డాక్టరు చెప్పింది 150. మూడు కాటాలూ ఒకే వైపుకు, దాదాపు ఒకే బరువు తప్పు చూపిస్తే నువ్వు ఉద్యోగంలో ఉండగా దేన్ని అనుమానించేదానివి? కాటానా, రాయినా?

శాఖవారి రాళ్ళను కూడా రెండేళ్ళకోసారి పై ఆఫీసుకు పంపి సరిచూపించేదానివి కదా. వాడగా వాడగా రాయి అరుగుతుందని నాకు చెప్పింది నువ్వే. బావ ఆఖరి సర్టిఫికెట్‌కు నాలుగేళ్ళయింది. అప్పటి నుంచి ఆయనను సరిచూపించడానికి ఎక్కడికైనా పంపావా?

తల వెనక నొప్పి, ముక్కులో రక్తం, మెట్ల మీద ఆయాసం, కళ్ళు అలుక్కుపోవడం. ఇవన్నీ నువ్వే రాశావు. నేనే సరిగ్గా చదవలేదు. నీ చేత దొంగ అనిపించుకోకూడదన్న పట్టుదలలో నేనూ మిషన్ వంకే చూశాను. ఆ తప్పు నాది. తర్వాత ఎన్నయినా అను.

బావకు ఫోన్ చేశాను. తలనొప్పి తప్ప ఏమీ లేదురా, నా సర్టిఫికెట్లు అడుగు మీ అక్కను అని నవ్వారు. ఆయన వినరు. నువ్వు కాగితం మీద ఉన్నదే నమ్ముతావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఈ రోజే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకువెళ్ళు. నామీద ఫిర్యాదు ఆ తర్వాత పోస్టు చేసుకో.

తమ్ముడు

జూలై 16

తమ్ముడికి,

నీ కొరియర్ తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం అందింది. జవాబు రాయడానికి ఇవాళ కుదిరింది. ముందు చెప్పాల్సింది ఇది: మీ బావ ఉన్నారు. ఆసుపత్రి నుంచి నిన్నే ఇంటికి వచ్చాం, పక్క మంచం మీదే ఉన్నారు, ఉప్పు లేదని భోజనాన్ని తిడుతున్నారు.

నిజం రాస్తాను. నీ ఉత్తరం చదవగానే మొదట అనుమానించింది నిన్నే. తప్పు తన మీద నుంచి తోసెయ్యడానికి మా ఆయన మీదికి తిప్పాడు అనుకున్నాను. కానీ రాళ్ళను సరిచూపించే మాట దగ్గర ఆగిపోయాను. దాన్ని దాటి ముందుకు చదవలేకపోయాను.

ఫైలు తీసి ఇరవై ఆరు సర్టిఫికెట్లూ మంచం మీద పరిచాను. ఇన్నేళ్ళూ ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా ఫైలులో పెట్టానే తప్ప అన్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు. 120/80, 120/80, 120/80. ఒక్క ఏడాది కూడా 118 లేదు, 124 లేదు. బతికున్న మనిషి రక్తం ఇరవై ఆరేళ్ళు ఒకే అంకె మీద నిలబడుతుందా? దుకాణం పుస్తకంలో ఏటా ఒకే అంకె కనిపిస్తే అక్కడ ఎవరూ రాయి ఎత్తలేదని అర్థం. ఉద్యోగంలో చేరిన మొదటి నెలే నాకు నేర్పిన పాఠం అది.

ఆయనను పిలిచి, ఆ కంపెనీ డాక్టరు గదిలో మీ చేతికి పట్టీ ఎప్పుడైనా కట్టారా అని అడిగాను. ఆయన కిటికీ వైపు చూశారు.

"ఆ గదిలో మిషనే ఉండేది కాదే," అన్నారు. "పేరు అడిగేవాడు, ముద్ర కొట్టేవాడు. బయట అరవైమంది లైనులో ఉండేవాళ్ళం. కట్టి చూస్తే స్టీరింగ్ లాగేసుకుంటారేమోనని నేనూ అడగలేదు."

ఆ తర్వాత చెప్పులు వెతుక్కునేదాకా కూడా ఆగలేకపోయాను. నేను దొంగ అనుకున్న ఆ డాక్టరు దగ్గరికే తీసుకువెళ్ళాను. మీ బావకు చూస్తే 190/116. ఈసారి డాక్టరు నవ్వలేదు. తనే చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపాడు. కంటి వెనక నరాలు అక్కడక్కడా చిట్లాయన్నారు, గుండె గోడ మందమైందన్నారు. ఇంకొన్ని రోజులు ఇలాగే వదిలేసి ఉంటే పక్షవాతంతో మోసుకొచ్చేవాళ్ళమని పెద్ద డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. బీపీ ఒక్కసారిగా దించకూడదట, మెల్లగా దించుతున్నారు. ఈ ఉదయం 152/94.

తమ్ముడూ, నేను ఆయనను మూడుసార్లు కుర్చీలో కూర్చోబెట్టాను. కదలకండి అన్నాను. ఆయన కదల్లేదు. అంకె చూసి మిషన్‌ను తిట్టానే గానీ ఒక్కసారి కూడా ఆయన మొహం చూడలేదు. రాత మీద ముద్ర ఉంది కదా అనుకున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది మీ బావకు కూడా తెలియదు. మా పెద్దమ్మాయికి తట్టు పోసిన ఏడాది, ఒళ్ళు కాలిపోతున్న పిల్లను పక్కింట్లో వదిలి డ్యూటీకి వెళ్ళాను. ఆ రోజు ఒక వీధిలో పదకొండు దుకాణాలకు సంచీలోంచి రాయి తీయకుండా ముద్ర వేసి పరిగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను. ఎవరికి నష్టం అనుకున్నాను అప్పట్లో. కంపెనీ డాక్టరును తిడదామని ఈ వారంలో చాలాసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ ఆ వీధి గుర్తొచ్చి ఊరుకున్నాను.

నిన్ను దొంగ అన్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు, అడిగినట్టే అనుకో. ఫిర్యాదు కాగితం చింపేశాను, కాపీతో సహా. మొదట పంపిన మిషనే, ఆయనకు పెద్ద పట్టీ కూడా చేర్చి మాకు పంపు, అది మొదటి రోజే నిజం చెప్పింది. నా అంకెలు కూడా రాసి చూపించాను, నాకూ మాత్ర మొదలుపెట్టారు.

మీ కౌంటరు మిషన్‌ను ఈ ఉత్తరంతోనే తిప్పి పంపుతున్నాను. దానికి లోపం ఏమీ లేదు. దానికి గుచ్చిన నీ చీటీ కూడా ఉంది, ఒకసారి చూసుకో. 120/80 అని ఉంది. ఆ అంకె నాకు ఇరవై ఆరుసార్లు కనిపించింది. ఇన్‌స్పెక్టరుగా అడుగుతున్నాను, అక్కగా కూడా అడుగుతున్నాను. నువ్వు పట్టీ కట్టుకునే రాశావా?

జవాబు కోసం గుమ్మం దగ్గరే కూర్చున్న
అక్క

జూలై 20

అక్కా,

కట్టుకోలేదు.

పార్సిల్ కట్టే తొందరలో, నీ మీద కోపంలో, చేతికి వచ్చిన అంకె రాసేశాను. ఇరవై రెండేళ్ళలో వేలమందికి కట్టి ఉంటాను. నాకు కట్టుకున్నది ఒక్కసారి కూడా లేదు.

ఇవాళ షాపు తెరవగానే, కస్టమర్లు రాకముందే కట్టుకున్నాను. 164/102. నిమిషం ఆగి మళ్ళీ చూశాను. 162/102. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఆయన రాసిన చీటీ నీకు పంపుతాను, ఫైలులో పెట్టుకో.

వీపు కుర్చీకి ఆనించాను, మాట్లాడలేదు. రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయి. మడమలు ఎత్తలేదు.

తమ్ముడు